గుర్రం ముందు గుండె దాగదు

గుర్రం గుండె తీరుబడిగా ఉన్నప్పుడు నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది, అమ్మలూ. మనదేమో 60 నుంచి 100. నాలుగైదు వందల కిలోల జంతువు, పందెంలో గంటకి అరవై కిలోమీటర్లు దాటి పరిగెత్తేది, ఊరికే నిలబడ్డప్పుడు మాత్రం మనలో సగం వేగంతో గుండె నడుపుకుంటుంది. అదే గుండె బెదిరి పరుగందుకుంటే నిమిషానికి 200 దాటిపోతుంది. అంత నెమ్మదీ, అంత బెదురూ ఒకే ఒంట్లో ఉన్నాయి. నువ్వడిగిన ప్రశ్నకి జవాబు చాలావరకు ఆ రెండింటి మధ్యే ఉంది.

"మనసు బాగోనివాళ్ళు గుర్రాల దగ్గర పనిచేస్తే కుదుటపడతారట, నిజమేనా తాతయ్యా?" అన్నావు. నిజమే. కానీ ఎలా నిజమో, ఎంతవరకు నిజమో చూసుకోకుండా నమ్మితే దాన్ని సైన్సు అనం. అందుకని ముందు ఒక గొడుగు సంగతి చెప్తాను.

స్వీడన్‌లో లిండా కీలింగ్ అనే శాస్త్రవేత్త తోటివాళ్ళతో కలిసి ఒక ప్రయోగం చేసింది. 2009లో అచ్చయింది. మనుషులు గుర్రాన్ని ఒక చివర నుంచి ఇంకో చివరకి నడిపించుకు వెళ్ళాలి, లేదా ఎక్కి వెళ్ళాలి. అంతే పని. మనిషికీ గుర్రానికీ ఇద్దరికీ గుండె వేగం కొలిచే పరికరాలు కట్టారు. అటూ ఇటూ తిప్పాక, ఆఖరిసారికి ముందు మనుషులతో, "ఈసారి మీరు దాటుతుండగా పక్కన గొడుగు తెరుస్తాం" అన్నారు. చటుక్కున తెరుచుకునే గొడుగంటే గుర్రాలు ఎంత బెదురుతాయో గుర్రాలతో మసిలేవాళ్ళకి తెలుసు. మనుషుల గుండె వేగం పెరిగింది. అందులో వింతేం లేదు. గుర్రాల గుండె వేగం కూడా పెరిగింది. గొడుగు మాత్రం ఎవరూ తెరవలేదు. అసలు తెరిచే ఉద్దేశమే వాళ్ళకి లేదు.

మరి గొడుగు సంగతి గుర్రానికి ఎవరు చెప్పారు? మనిషి ఒళ్ళు చెప్పింది. నోటితో ఒక్క ముక్క అనకుండానే, పగ్గం పట్టిన వేళ్ళు, బిగిసిన నడుము, మారిన ఊపిరి చెప్పేశాయి.

ఇది మాయ కాదు. దాని పుట్టుకే అలాంటిది. గుర్రం గడ్డి మేసే జీవి. లక్షల ఏళ్ళపాటు వేటజంతువుల నోట పడకుండా తప్పించుకుంటూ బతికిన జాతి. కొమ్ముల్లేవు, కోరల్లేవు. ప్రమాదాన్ని ముందే పసిగట్టి పారిపోవడమే దానికున్న రక్ష. కాబట్టి ఒళ్ళంతా పసిగట్టడానికే తయారైంది. కళ్ళు తలకి రెండు పక్కలా ఉండి, తల తిప్పకుండానే చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర చూస్తాయి. సరిగ్గా నుదుటి ముందూ, సరిగ్గా తోక వెనకా మాత్రం దానికి కనపడదు. చెవులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తిరుగుతాయి, ఒకటి ముందుకి పెట్టి ఇంకోటి వెనక్కి పెట్టగలదు. ఒంటి మీద ఈగ వాలితే ఆ ఒక్కచోట చర్మాన్ని వణికించి తోలేస్తుంది. పైగా మందలో బతికే ప్రాణి. మేస్తున్నవాటిలో ఒకటి తలెత్తి బిగుసుకుందంటే మిగతావీ మేత ఆపి తలెత్తుతాయి. పగ్గం పట్టుకున్న మనిషి బిగుసుకున్నా దాని లెక్క అదే. పక్కనున్న ప్రాణి దేనికో భయపడింది, మనమూ జాగ్రత్తపడాలి, అనుకుంటుంది.

గుర్రాలు మనిషిని ఎంత సన్నగా చదువుతాయో లోకానికి తెలియజెప్పిన గుర్రం ఒకటుంది. పేరు హాన్స్. జర్మనీలో, బెర్లిన్ నగరంలో, విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే బడిపంతులు ఉండేవాడు. రిటైరయ్యాక తన గుర్రానికి లెక్కలు నేర్పించాడు. మూడూ నాలుగూ ఎంతంటే హాన్స్ గిట్టతో ఏడుసార్లు నేలని తట్టి ఆగిపోయేది. భిన్నాలు చేసేది, తేదీలు చెప్పేది. జనం విరగబడి చూశారు. 1904లో పండితులు సంఘంగా కూర్చుని పరీక్షించి, ఇందులో మోసమేమీ లేదని తేల్చారు. ఆ తర్వాత ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే యువకుడు ఓపిగ్గా కూర్చుని పరీక్షలు పెట్టాడు. ప్రశ్న అడిగేవాడికి జవాబు తెలియకపోతే హాన్స్‌కీ తెలియలేదు. అడిగేవాడు కనపడకుండా గుర్రం కళ్ళకి గంతలు కట్టినా తెలియలేదు. తట్టుడు సరైన అంకెకి చేరగానే ప్రశ్న అడిగిన మనిషి తల వెంట్రుకవాసంత కదిలేది, లోపలి బిగువు సడలేది. ఆ మనిషికే తెలియని ఆ కదలిక హాన్స్‌కి తెలిసేది. అక్కడ తట్టడం ఆపేసేది. ఫుంగ్‌స్ట్ తర్వాత తనే గుర్రం స్థానంలో కూర్చున్నాడు. ఎదుటివాళ్ళని ఒక అంకె మనసులో తలుచుకోమని, తను చేత్తో బల్లమీద తడుతూ, వాళ్ళ ముఖం, మెడ గమనిస్తూ పోయాడు. చాలామంది దగ్గర జవాబు దొరికింది. 1907లో ఈ సంగతంతా పుస్తకంగా రాశాడు.

గుర్రానికి లెక్కలు రావని తేలిపోయిందని చాలామంది ఈ కథని అక్కడితో ఆపేస్తారు. నాకది అన్యాయం అనిపిస్తుంది. ఒక గుంపు పండితులు కళ్ళు చించుకు చూసినా కనపడని కదలికని ఆ గుర్రం రోజూ చూసింది. మనిషికి మనిషే తెలియనంత దగ్గరగా తెలిసింది దానికి.

హాన్స్ వల్ల ప్రయోగాలు చేసే పద్ధతే మారింది. ఇంగ్లండులో ససెక్స్ విశ్వవిద్యాలయంవాళ్ళు 2016లో 28 గుర్రాలకి ఫోటోలు చూపించారు, నవ్వుతున్న మగవాడి ముఖం, కోపంగా ఉన్న మగవాడి ముఖం. కోపపు ముఖాన్ని గుర్రాలు తల తిప్పి ఎడమకంటితో చూశాయి. ఎడమకంటి చూపు మెదడులో కుడి సగానికి వెళ్తుంది. బెదిరించేవాటిని పోల్చుకునే పని ఎక్కువగా అక్కడే జరుగుతుంది. గుండె వేగం కూడా త్వరగా పెరిగింది. 2018లో అదే విశ్వవిద్యాలయంలో ఇంకో మెట్టు ఎక్కారు. పొద్దున ఒక మనిషి ఫోటో చూపించారు, కొన్ని గుర్రాలకి కోపంగా ఉన్నది, కొన్నింటికి నవ్వుతున్నది. కొన్ని గంటల తర్వాత ఆ మనిషే మామూలు ముఖంతో వచ్చి ఎదురుగా నిలబడింది. కోపపు ఫోటో చూసిన గుర్రాలు ఆ మనిషిని ఎడమకంటితో ఎక్కువసేపు గమనించాయి. గుర్రం ఏ ఫోటో చూసిందో ఆ మనిషికి చెప్పలేదు. చెప్పి ఉంటే ఆమె ఒళ్ళే గుర్రానికి ఉప్పందించేది కదా, హాన్స్‌కి అందినట్టు!

కోపంగా ఉన్నప్పుడు గుర్రం జోలికి వెళ్ళొద్దని రెండువేల మూడొందల ఏళ్ళ కిందటే గ్రీకు రచయిత జెనొఫన్ రాసిపెట్టాడు. మన తిక్కనగారి విరాటపర్వంలో నకులుడు దామగ్రంథి అని పేరు మార్చుకుని విరాటరాజు లాయంలో కుదిరాడని నీకు చెప్పాను కదా. రాజ్యం పోయి, అడవులు తిరిగి, ఎవరికంటా పడకుండా ఏడాది గడపాల్సిన మనిషికి లాయం దొరికింది. తన మనసు ఏ స్థితిలో ఉన్నా గుర్రాల ముందు దాన్ని సర్దుకుని నిలబడాల్సిన పని అది. నాకు ఆ ఘట్టం ఇష్టం.

ఇప్పుడు మనసు సంగతికి వద్దాం. దిగులూ ఆందోళనా ఉన్నవాళ్ళకి కష్టం తలలోనే ఉంటుందనుకుంటాం. ఒంట్లో కూడా ఉంటుంది. భుజాలు ఎత్తి ఉంటాయి, దవడ బిగిసి ఉంటుంది, ఊపిరి పైపైనే తిరుగుతుంది. చాలాకాలం అలాగే ఉంటే అదే మామూలనిపిస్తుంది, తెలియను కూడా తెలియదు. అలాంటి మనిషి గుర్రం దగ్గరకి వెళ్తే గుర్రం తల ఎత్తి, చెవులు తిప్పి, ఒక అడుగు అవతలకి వేస్తుంది. దాంట్లో నింద లేదు, జాలి లేదు. నువ్వు బిగుసుకున్నావు, నేను దూరంగా ఉంటాను, అంతే. ఆ మనిషి ఊపిరి నిదానంగా, పొడుగ్గా వదిలితే వేగస్ అనే నాడి గుండెకి పగ్గం వేస్తుంది. ఊపిరి వదిలేటప్పుడు మన గుండె కాస్త నెమ్మదించడం ఆ నాడి పనే. భుజాలు దిగుతాయి. గుర్రం తల దించుతుంది, నోరు కదుపుతుంది, దగ్గరకి రానిస్తుంది. తన ఒంటి స్థితి తనకి అప్పటికప్పుడు తెలిసిపోయింది, సర్దుకుంటే ఏం జరుగుతుందో కూడా కళ్ళ ముందే కనపడింది. "ధైర్యంగా ఉండు, ఊరికే కంగారుపడకు" అని ఇంట్లో నలుగురూ నలభైసార్లు చెప్పినా అందని పాఠం ఇది.

ఆ తర్వాత మాలీసు. గొరపం తీసుకుని మెడ దగ్గర మొదలుపెట్టి గుండ్రంగా తిప్పుతూ దుమ్మూ రాలిన వెంట్రుకలూ పైకి తేవాలి. తర్వాత కుంచెతో వెంట్రుక వాలు వెంట తుడవాలి. జూలూ తోకా చిక్కు తియ్యాలి. ఒక్కొక్క కాలూ ఎత్తి గిట్ట అడుగున ఇరుక్కున్న రాళ్ళూ పేడా గీకెయ్యాలి. గిట్ట అడుగున మధ్యలో మెత్తటి ముక్కోణపు భాగం ఉంటుంది, దానికి దెబ్బ తగలకుండా చూసుకోవాలి. ఇంత పెద్ద జంతువు తన కాలు నీ చేతిలో పెట్టి మూడుకాళ్ళ మీద నిలబడుతుంది. అప్పుడు ఇంకో సంగతి ఆలోచించడం కుదరదు. నిన్న ఎవరేమన్నారు, రేపు ఏమవుతుందని తిరగలిలా తిరిగే బుర్ర కాసేపు ఆగుతుంది.

మాలీసు గుర్రానికీ మంచిదే. ఫ్రాన్సు దక్షిణాన కామార్గ్ అనే చిత్తడి నేలల్లో తెల్లగుర్రాలున్నాయి. క్లోడియా ఫే అనే పరిశోధకురాలు అక్కడ గమనించింది. గుర్రాలు ఒకదానికొకటి ఎదురుగా నిలబడి పళ్ళతో గోక్కునేటప్పుడు ఎక్కువగా మెడ మొదట్లో, మూపు ముందు భాగంలో గోక్కుంటాయి. అదే చోట మనిషి చేత్తో గోకితే గుర్రం గుండె వేగం తగ్గింది. ఇంకోచోట గోకితే తగ్గలేదు. 1993లో అచ్చయిన పని ఇది. స్వారీ అయ్యాక గుర్రం మెడ మీద చప్పుడయ్యేలా చరుస్తారు చూడు, మెచ్చుకోలుగా. గుర్రాలు ఒకదాన్నొకటి అలా చరుచుకోవు. గోక్కుంటాయి. కాబట్టి మనమూ గోకాలి.

రోజువారీ చాకిరీ గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే నా దృష్టిలో మేలంతా అక్కడే ఎక్కువుంది. గుర్రం పొట్ట దాని ఒంటి సైజుకి చాలా చిన్నది. బయట వదిలితే రోజులో పదహారు గంటలదాకా కొంచెం కొంచెంగా మేస్తూనే ఉంటుంది. తిన్నది పడకపోతే వాంతి చేసుకోవడం దానికి చేతకాదు, కడుపునొప్పి వస్తే ప్రాణం మీదకి వస్తుంది. కాబట్టి మేత వేళకి పడాలి, ఒక్కసారి ఎక్కువ పడకూడదు. ఉలవలు ఉడకబెట్టి పెట్టినా కొలత ఉండాలి. రోజుకి పాతిక, ముప్ఫై లీటర్ల నీళ్ళు తాగుతుంది, ఎండాకాలం ఇంకా ఎక్కువ. పేడ ఎత్తాలి, పరుపుగడ్డి మార్చాలి. నీకు లేవబుద్ధి అయినా కాకపోయినా పొద్దున్నే దానికి ఆకలేస్తుంది.

దిగులు జబ్బు చేసే మొదటి పని మనిషిని పనుల నుంచి లాగేయడం. పని చెయ్యకపోతే సంతృప్తి రాదు, సంతృప్తి లేక ఇంకా దిగులు, ఇంకా పడక. దీన్ని తెంచడానికి మానసిక వైద్యులు వాడే పద్ధతి ఒకటుంది. ఉత్సాహం వచ్చేదాకా ఆగకుండా చిన్న చిన్న పనులు వేళ ప్రకారం మొదలుపెట్టిస్తారు. పని ముందు, ఉత్సాహం తర్వాత. లాయంలో ఇది ఎవరూ చెప్పకుండానే జరుగుతుంది. వెలుతురులో, గాలిలో, ఒళ్ళు వంచి, ఇంకో ప్రాణి కోసం. ఆ ప్రాణి నీ మార్కులు అడగదు, ఉద్యోగం అడగదు.

అమెరికాలో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళు యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల మీద ఒక పరిశోధన చేశారు. మ్యాన్ ఓ వార్ అనే పేరున్న పాత పందెం గుర్రం పేరే ఆ ప్రాజెక్టుకి పెట్టుకున్నారు. ప్రూడెన్స్ ఫిషర్, యువల్ నెరియా దానికి పెద్దలు. యుద్ధంలో చూసినవి నిద్రలోనూ మెలకువలోనూ వెంటాడే జబ్బు ఉన్నవాళ్ళు 63 మంది చేరారు. వారానికోసారి, గంటన్నర చొప్పున, 8 వారాలు. అందులో ఎవరూ గుర్రం ఎక్కలేదు. గుర్రాన్ని గమనించడం, దగ్గరకి వెళ్ళడం, మాలీసు, పగ్గం పట్టి నడిపించడం, ఇవే. అన్నీ అయిపోయిన మూడు నెలలకి చూస్తే సగానికి పైగా మందిలో జబ్బు లక్షణాలు వైద్యులు గుర్తించదగినంతగా తగ్గాయి. 2021లో అచ్చయింది.

ఆ సైనికుల సంగతి చదివినప్పుడు నాకొకటి తట్టింది. యుద్ధం చూసిన మెదడు కాపలా దిగడం మానేస్తుంది. తలుపు చప్పుడైనా ఉలిక్కిపడుతుంది. గుర్రమూ ఎప్పుడూ కాపలాలోనే ఉంటుంది. కానీ ప్రమాదం లేదని తేలగానే తల దించి మేతలో పడుతుంది. బెదరడంతోపాటు బెదురు వదిలెయ్యడం కూడా తెలిసిన జంతువు. ఆ వదిలెయ్యడాన్ని పక్కనే నిలబడి వారం వారం చూడటం వాళ్ళకి ఏదో నేర్పి ఉంటుంది.

అయితే, అమ్మలూ, ఇక్కడ ఒక లోటుంది. ఆ పరిశోధనలో పోల్చుకోవడానికి గుర్రాల దగ్గరకి వెళ్ళని రెండో జట్టు లేదు. తోటి సైనికుల కబుర్ల వల్ల తగ్గిందా, ఆరుబయట తిరగడం వల్లా, గుర్రం వల్లా అని విడదీయలేం. విడదీయాలంటే ఏం చెయ్యాలో కొలరాడోలో రాబిన్ గేబ్రియల్స్ బృందం చేసి చూపించింది. ఆటిజం ఉన్న 6 నుంచి 16 ఏళ్ళ పిల్లలు 127 మందిని చీటీలు వేసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి 10 వారాలు స్వారీ. రెండో జట్టునీ అదే లాయానికి తీసుకెళ్ళారు, గుర్రాల గురించి పాఠాలు చెప్పారు, కానీ బతికున్న గుర్రాన్ని ముట్టుకోనివ్వలేదు, బొమ్మగుర్రం ఇచ్చారు. అంటే ప్రయాణం, చోటు, పెద్దల శ్రద్ధ ఇద్దరికీ సమానం. తేడా గుర్రం ఒక్కటే. స్వారీ చేసిన పిల్లల్లో చిరాకూ, నిలకడలేనితనమూ ఎక్కువగా తగ్గాయి, 5వ వారం నుంచే తేడా కనపడింది. మాట్లాడే మాటలు కూడా పెరిగాయి. 2015లో అచ్చయిన ఈ పరిశోధనంటే నాకు గౌరవం. ఆ పిల్లలకి ఆటిజం పోయిందని వాళ్ళు అనలేదు. చిరాకు తగ్గిందన్నారు. అలాంటి పిల్లలున్న ఇంట్లో ఒక్క సాయంత్రం చిరాకు లేకుండా గడిచినా అదెంత పెద్ద సంగతో ఆ తల్లినడుగు.

బడిపిల్లల సంగతీ ఒకటుంది. ఒత్తిడి పెరిగినప్పుడు మన ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది. ఉమ్ములో కూడా దొరుకుతుంది కాబట్టి సూది గుచ్చకుండానే కొలవచ్చు. పొద్దున్న ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గాలి దాని పద్ధతి. వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పట్రీషియా పెండ్రీ సుమారు 130 మంది పిల్లల్ని తీసుకుని, కొందరిని 11 వారాలు బడి అయ్యాక గుర్రాల దగ్గరకి పంపింది, మిగతావాళ్ళని తర్వాత పంపుతానంది. ముందూ వెనకా అందరి ఉమ్మూ పరీక్షించింది. వెళ్ళొచ్చిన పిల్లల్లో మధ్యాహ్నం నుంచి కార్టిసాల్ తక్కువగా ఉంది.

స్వారీ అంటే నీకు ఎక్కువ సరదా అని తెలుసు, అక్కడికే వస్తున్నా. గుర్రం నడుస్తుంటే దాని వీపు ముందుకీ వెనక్కీ, పక్కలకీ, పైకీ కిందకీ కదులుతుంది. పైన కూర్చున్న మనిషి నడుము ఎముక అచ్చం మన సొంత నడకలో కదిలినట్టే కదులుతుంది. నడవలేని పిల్లకి కూడా నడుస్తున్న నడుము ఎలా ఉంటుందో తెలుస్తుంది. వైద్యులు ఇందుకే పక్షవాతం, కండరాల బిగువు ఉన్నవాళ్ళకి గుర్రపు నడకని వాడుకుంటున్నారు. ఇది మొదట యూరప్‌లో పుంజుకోవడానికి ఒక స్త్రీ కథ దోహదం చేసింది.

డెన్మార్క్ దేశంలో లిజ్ హార్టెల్ అని ఉండేది. గుర్రపు స్వారీలో గట్టి మనిషి. 1944లో, 23 ఏళ్ళ వయసులో, కడుపుతో ఉండగా పోలియో వచ్చింది. బిడ్డ క్షేమంగా పుట్టింది. తను మాత్రం చేతులెత్తడం దగ్గర నుంచి మళ్ళీ నేర్చుకోవాల్సి వచ్చింది. మోకాళ్ళ కింద కాళ్ళు ఎప్పటికీ తిరిగి రాలేదు. అయినా మళ్ళీ గుర్రం ఎక్కింది. ఎక్కించడానికీ దించడానికీ మనుషులు కావాలి. జూబిలీ అనే ఆడగుర్రం ఉండేది. డ్రెసాజ్ అనే పోటీలో రౌతు కాళ్ళతో ఇచ్చే సన్నని సైగలకి గుర్రం అడుగులు వెయ్యాలి. కాళ్ళు పనిచెయ్యని మనిషి సైగలు ఎలా ఇస్తుంది? నడుముతో, వీపుతో, బరువుని అటూ ఇటూ మార్చి. జూబిలీ అది నేర్చుకుంది. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఆ పోటీలోకి ఆడవాళ్ళని తొలిసారి రానిచ్చారు. లిజ్ మగవాళ్ళతో పోటీపడి వెండిపతకం గెలిచింది. బంగారు పతకం గెలిచిన స్వీడన్ రౌతు ఆన్రీ సాంసీర్ ఆమెని పతకాల మెట్టు మీదకి చేయిపట్టి ఎక్కించాడు. 1956లో మళ్ళీ వెండి గెలిచింది.

కాళ్ళు రాని మనిషిలో ఆ గుర్రం ఏం చదివి ఉంటుందో ఆలోచించు. హాన్స్ తల కదలిక చదివితే జూబిలీ నడుము కదలిక చదివింది. స్వారీలో మనసుకి జరిగే మేలు కూడా ఈ దారినే వస్తుంది. లయగా నాలుగు అడుగుల నడక, దాంతో కలిసే ఊపిరి, నడుము బిగిస్తే గుర్రం వీపు బిగించడం, వదిలితే వదలడం. నేల మీద నేర్చుకున్న పాఠమే గుర్రం మీదా నడుస్తుంది. నేల మీద నేర్చుకోనివాడికి పైన అందదు.

ఇంతకీ గుర్రానికే ఇంత ఓర్పు ఎక్కడిది? దీనికి మొన్నమొన్ననే ఒక ముచ్చటైన సంగతి బయటపడింది. ఫ్రాన్సులో లుడొవిక్ ఒర్లాండో బృందం 273 ప్రాచీన గుర్రాల అవశేషాల నుంచి జన్యువులు తీసి చదివి, 2021లో 'నేచర్' పత్రికలో అచ్చేసింది. ఇప్పుడు మనం చూసే పెంపుడు గుర్రాలన్నీ క్రీ.పూ. 2200 ప్రాంతంలో, రష్యాలో వోల్గా, డాన్ నదుల దిగువ మైదానాల నుంచి బయల్దేరిన ఒకే వంశం. ఆ వంశంలో రెండు జన్యువులు గట్టిగా ఎంపికైనట్టు తేలింది. ఒకటి జీఎస్‌డీఎంసీ, వెన్నెముకకి సంబంధించింది, మనిషి బరువు మొయ్యడానికి. రెండోది జడ్‌ఎఫ్‌పీఎమ్1. మనసు స్థితిని దిద్దే సెరటోనిన్ అనే పదార్థాన్ని తయారుచేసే నాడీకణాలు ఎదగడానికి అది కావాలి. ఎలుకల్లో దాన్ని ఆపేస్తే వాటికి ఆందోళన పెరుగుతుంది. అంటే నాలుగువేల ఏళ్ళ కిందట ఆ మైదానాల్లో గుర్రాలని పెంచినవాళ్ళు గట్టి వీపునీ, కుదురైన మనసునీ కలిపి ఎంచుకున్నారన్నమాట. మన మనసుకి ఊరటనిచ్చే గుర్రం మనసుని మన పూర్వీకులే ఏరి ఏరి పెంచారు.

మన దగ్గర గుర్రం దాదాపు కంటికి దూరమైంది. జట్కాలు పోయాయి. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో రోడ్డెక్కని పల్లెలకి ఇంకా పొట్టి గుర్రాలు సామాన్లు మోస్తున్నాయి. హైదరాబాదులో జాతీయ పోలీస్ అకాడమీలో ఐపీఎస్ శిక్షణకి వచ్చినవాళ్ళు స్వారీ నేర్చుకుంటారు. మిగతాచోట్ల పెళ్ళి ఊరేగింపుల్లో, సముద్రపు ఒడ్డున పిల్లల్ని తిప్పేచోట కనపడతాయి. వాటిలో కొన్నింటి పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, ఎండలో నీళ్ళు లేకుండా నిలబడి ఉంటాయి, చుట్టూ టపాకాయలు. కీలింగ్ ప్రయోగంలో తెరవని గొడుగుకే గుండె వేగం పెరిగిన జంతువు అది. బెదిరి, బక్కచిక్కి, నొప్పితో ఉన్న గుర్రం ఎవరి మనసునీ కుదుటపరచలేదు. కుదుటపరచమని అడగడమే తప్పు.

మనసు జబ్బుకి మందులు వాడేవాళ్ళు గుర్రాల దగ్గరకి వెళ్తున్నామని మందులు మానకూడదు. ఇది డాక్టరు వైద్యానికి తోడు, బదులు కాదు. నీ స్నేహితుల్లో అలాంటివాళ్ళుంటే ఈ మాట తప్పకుండా చెప్పు.

నువ్వూ వెళ్తానంటే నాకు ఇష్టమే. ముందు ధనుర్వాతం టీకా వేయించుకో, గుర్రాలుండే చోట మట్టిలో, పేడలో ఆ సూక్ష్మజీవి ఉంటుంది. తలకి హెల్మెట్ లేకుండా ఎక్కించేచోటికి వెళ్ళొద్దు. వెళ్ళిన చోట గుర్రాల ఒళ్ళు చూడు, గిట్టలు చూడు, తొట్టిలో నీళ్ళు చూడు, వాటిని చూసుకునే సైసు ఏ గొంతుతో మాట్లాడతాడో విను. నచ్చితే మొదటిరోజు స్వారీ అడక్కు, మాలీసు నేర్పమని అడుగు. గుర్రం దగ్గరకి వెళ్ళేటప్పుడు ఎదురుగా వెళ్ళొద్దు, వెనక నుంచి అసలే వద్దు. మెల్లగా మాట్లాడుతూ భుజం వైపు నుంచి వెళ్ళు. చెయ్యి మూపు మీద పెట్టి గోకు. పై పెదవి ముందుకి సాగి అటూ ఇటూ కదిలిందంటే దానికి బాగున్నట్టు, అక్కడే గోకుతూ ఉండు. చెవులు వెనక్కి పెట్టి పక్కకి జరిగిందంటే ఆ పూటకి దాన్ని వదిలెయ్యి. పక్క గదిలో గుర్రానికి గడ్డి వెయ్యాల్సి ఉంటుంది, ఆ పని అందుకో.